కాథోడ్ ఎటువైపు?

జూన్ 4

చిన్నోడికి,

ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం కోపం కాదు, కూర్చునే తీరిక లేకపోవడం. ఇప్పుడు కూడా ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే నా చేతిని అనకు, ఈ బల్లకి ఒక కాలు పొట్టి.

మీ బావని ఇక్కడ చేర్చాను. కంగారు పడకు. గొంతు బొంగురుపోయి చాలాకాలమైందని నీకు తెలుసు కదా, ఈమధ్య మాట బదులు ఉత్త గాలి వస్తోంది. లోపల చిన్న కంతి ఉందని కోసి తీశారు. ప్రాణానికి భయం లేదన్నారు. కాని డాక్టరు చెప్పేదాకా నోరు విప్పకూడదు, గుసగుస కూడా పనికిరాదు. చేతికి ఒక పలక ఇచ్చారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మనిషి నా మాటకి అడ్డు రాకుండా కూర్చున్నాడు. ఈ ఆసుపత్రిలో నాకున్న సుఖం అదొక్కటే.

ప్లేటింగు షెడ్డు నేనే చూస్తున్నాను. ఆయన గొంతు తినేసింది క్రోమియం తొట్టి ఆవిరేనట. దాని మూత తెరవొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. సరే, మూసేశాను. నికెల్ తొట్టి ఒక్కటే నడుస్తోంది. ఆ పని నాకు కొత్త కాదు. సామాను తోమడం, ఆమ్లంలో ముంచి తీయడం, కడగడం, రాగి తీగ కట్టి పూత పట్టడానికి పచ్చటి నీళ్ళలోకి దింపడం, ఇవన్నీ నా చేతుల మీదే నడిచాయి. వైర్లు మాత్రం ఆయన ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఇప్పుడా వైర్లే నా నెత్తిన పడ్డాయి. మామూలు కరెంటుని తొట్టికి పనికొచ్చేలా మార్చే పెట్టె ఉండేది కదా, రెక్టిఫయరు, అది మొన్న పొగ కక్కి ఊరుకుంది. బాగుచేసేవాడు వైర్లన్నీ ఊడబీకి పట్టుకుపోయాడు. ఎప్పటికిస్తాడో తెలియదు. ఎదురుగా ఉన్న లారీ షెడ్డువాళ్ళు జాలిపడి పాత బ్యాటరీలు తెచ్చిపెట్టారు. "దీంతో కానివ్వక్కా, నీ తొట్టికి ఇది చాలు" అన్నారు.

గోడ మీద మీ బావ బొగ్గుతో రాసుకున్న ముక్క ఒకటుంది. "సామాను కాథోడ్‌కి. నికెల్ కడ్డీలు ఆనోడ్‌కి." బ్యాటరీ మీద చూస్తే ప్లస్సూ మైనస్సూ తప్ప ఇంకేం లేవు. ఆయన్ని అడగాలంటే పెట్టె కాలిన సంగతి చెప్పాలి. చెబితే పలక విసిరేసి లేచొస్తాడు. అందుకని నిన్ను అడుగుతున్నాను. నువ్వు పిల్లలకి చెప్పే పాఠమే కదా ఇది. బ్యాటరీకి కాథోడ్ ఎటువైపు?

తొందరగా రాయి. బ్యాండు మాస్టారు తన ట్రంపెట్ ఇచ్చి వెళ్ళాడు. వాళ్ళ నాన్న వాయించినది. పాత పూత పొరలుపొరలుగా లేచిపోయి, ఊదితే పెదాలకి పచ్చగా అంటుకుంటోందట. ఈ నెల మధ్యలో ఎక్కడో వాయించాలిట ఆయన.

నీ వంట నువ్వే చేసుకుంటున్నావా, మళ్ళీ హాస్టల్ పిల్లల కంచంలోనే తింటున్నావా?

అక్క


జూన్ 9

అక్కా,

బావ సంగతి చదివాక రెండు రోజులు పాఠం సరిగ్గా చెప్పలేకపోయాను. ఆయన గొంతు విని ఎన్నాళ్ళయిందో తలుచుకుంటే సిగ్గేసింది. రావాలని ఉంది. కాని కొత్త పాఠ్యపుస్తకంలో విద్యుత్తు పాఠం నాకు అప్పగించారని రాశాను గుర్తుందా, అది ఈ నెలాఖరుకి అచ్చుకి వెళ్ళాలి. పొద్దున క్లాసులు, సాయంత్రం హాస్టల్ తగవులు, మిగిలిన సందులో పాఠం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా పేరు మీద ఏదైనా మిగిలేది ఉంటే ఈ ఇరవై పేజీలే. అర్థం చేసుకుంటావనుకుంటాను.

నవ్వుతావేమో కాని, పుస్తకాల్లో తెలుగు మాటలు ఖాయం చేసే మా పరిభాషా సంఘంలో ఇప్పుడు నడుస్తున్న గొడవ సరిగ్గా నువ్వడిగిన మాట గురించే. కాథోడ్‌ని తెలుగులో ఏమనాలి? అధ్యక్షులవారు ఋణధ్రువం అంటారు. ఆనోడ్ ధనధ్రువం. "పలకడానికి గంభీరంగా ఉంది, ఇంకేం కావాలయ్యా?" అని నన్నే అడుగుతారు. నాకు మింగుడు పడటం లేదు. ఋణం అంటే మైనస్. కాథోడ్ అనే మాటకి ఆ అర్థం లేదు. దాన్ని పుట్టించినవాళ్ళు గ్రీకు భాషలోంచి "దిగే దారి" అని తీసుకున్నారు. ఆనోడ్ అంటే "ఎక్కే దారి". అప్పట్లో కరెంటు నిజంగా ఎటు పారుతుందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. అందుకని ప్లస్సునీ మైనస్సునీ పక్కనపెట్టి, సూర్యుణ్ణి తలుచుకుని, పొద్దు పొడిచే వైపు ఒకటి, పొద్దు వాలే వైపు ఒకటి అనుకున్నారు. రేపు ఏం బయటపడినా పేరు అబద్ధం కాకూడదని. తమకి తెలియదని ఒప్పుకుంటూ పెట్టిన పేరు, అందుకే నాకు దానిమీద అంత ఇష్టం.

మొన్న గాలి లాగేసిన గాజుగొట్టంలో కాథోడ్ కిరణాలు చూపిద్దామని పిల్లల్ని చీకటి గదిలో కూర్చోబెట్టాను. మా పంపు ముసలిది, లోపలి గాలంతా లాగలేకపోయింది. గొట్టం చివర ఆకుపచ్చ వెలుగు రావలసింది, గులాబీరంగు మసక వచ్చింది. పిల్లలు దానికే చప్పట్లు కొట్టారు. నాకు ఎందుకో ఏడుపొచ్చింది. అలసట అయ్యుంటుంది.

నీ ప్రశ్నకి జవాబు సూటిగా చెబుతాను. కరెంటు ఇస్తున్న బ్యాటరీకి కాథోడ్ ప్లస్ గుర్తున్న వైపు. ఇందులో సందేహం లేదు.

బావకి నా నమస్కారం చెప్పు. పలక మీద నాకు రెండు ముక్కలు రాయమను, నువ్వు చూసి ఎక్కించి పంపు.

నీ తమ్ముడు


జూన్ 14

చిన్నోడికి,

నువ్వు చెప్పినట్టే చేశాను.

ట్రంపెట్ తోమి, కడిగి, తీగ కట్టి, ఆ తీగ ప్లస్‌కి బిగించాను. నికెల్ కడ్డీలు మైనస్‌కి. దింపగానే సన్నగా బుడగలు లేచాయి. అంతా సవ్యంగానే ఉందనుకున్నాను. మీ బావకి పాలు పట్టుకెళ్ళే వేళ అయింది. ఇలా వెళ్ళి అలా వచ్చేద్దామని బయల్దేరాను. తిరుగు బస్సు దారిలో ఆగిపోయింది. దిగి నడిచాను. షెడ్డు తలుపు తీసేసరికి మధ్యాహ్నం దాటింది.

తీగ పట్టుకుని పైకి లాగితే ట్రంపెట్ తేలిగ్గా వచ్చింది. మెరుపు మాట దేవుడెరుగు, ఉన్న పూత కూడా పోయి, కింద ఇత్తడి ఎర్రగా, గరుగ్గా, పచ్చిపుండులా ఉంది. ముందుకి విచ్చుకుని ఉండే అంచు రంపప్పళ్ళలా తినేసి ఉంది. వేళ్ళు నొక్కే చోట గొట్టానికి చిల్లులు. వాళ్ళ నాన్న పేరు చెక్కి ఉండేది పక్కన. వేలు పెట్టి తడిమినా తగలడం లేదు.

కరిగిన ఇత్తడంతా ఎక్కడికి పోతుంది? తొట్టిలోకే. వైర్లు అటూ ఇటూ మార్చి ఒక మేకు దింపి చూశాను. నల్లటి చారలతో, బూజు పట్టినట్టు వచ్చింది. ఈ మేకేదో ముందే వేసి చూసుకోవాల్సిందని నువ్వు చెప్పనక్కర్లేదు. నాకు తట్టలేదు. తట్టే స్థితిలో లేను. ఆ నీళ్ళు మీ బావ ఏళ్ళ తరబడి పారబోయకుండా, వడకట్టుకుంటూ, చంటిపిల్లలా కాపాడుకున్నవి. ఆయన మంచం మీద ఉండగా ఒక్క పూటలో పాడుచేశాను.

దిగే దారి అన్నావు. దిగింది.

బ్యాండు మాస్టారు రేపొస్తాడు. పని ఇంకా కాలేదని చెబుతాను. మీ బావకి మాత్రం ఏమీ చెప్పను. నువ్వు జవాబు రాయకు. చదివే ఓపిక లేదు.

అక్క


జూన్ 18

అక్కా,

రాయొద్దన్నావు. రాయకుండా ఉండలేకపోయాను.

నీ ఉత్తరం చదివి ముందు నా జవాబు ఎక్కడ తప్పిందా అని వెతుక్కున్నాను. తప్పలేదు. అదే నా బాధ. నువ్వడిగింది బ్యాటరీకి కాథోడ్ ఎటని. అది ప్లస్సే. గోడ మీద బావ రాసుకున్నది తొట్టి కాథోడ్ గురించి. అది వేరు. రెండిళ్ళనుకో. ఒకటి బ్యాటరీ, ఒకటి తొట్టి. ప్రతి ఇంటికీ కరెంటు ఎక్కే గుమ్మం ఒకటి, దిగే గుమ్మం ఒకటి. ఒక ఇంట్లోంచి దిగితేనే కదా రెండో ఇంట్లోకి ఎక్కేది. బ్యాటరీ ప్లస్‌లోంచి దిగిన కరెంటు నికెల్ కడ్డీల మీదుగా తొట్టిలోకి ఎక్కాలి. నీళ్ళు దాటి, సామాను మీదుగా దిగి, మైనస్‌లోకి వెళ్ళాలి. అప్పుడే నికెల్ కదిలివచ్చి సామానుని అంటుకుంటుంది. అంటే బ్యాటరీ కాథోడ్‌ని తొట్టి ఆనోడ్‌కి తగిలించాలి. పేరు చూసి పేరుకి కలిపితే అంతా తలకిందులవుతుంది. అదే జరిగింది. నువ్వు సరిగ్గానే అడిగావు. నేను సరిగ్గానే చెప్పాను. అయినా ట్రంపెట్ కరిగిపోయింది.

ఇది నీకు ఓదార్పు కాదని తెలుసు. కాని నీ తప్పు లేదని నువ్వు నమ్మాలి. అందుకే నిన్న బావకి కూడా విడిగా ఒక ఉత్తరం వేశాను, ఆసుపత్రి చిరునామాకి. బొమ్మ గీసి, వైర్లు ఎలా కలిశాయో, నీ పొరపాటు ఎందుకు కాదో అంతా వివరంగా చెప్పాను. పాడైన నీళ్ళకి మందేదో ఆయనకి తెలిసే ఉంటుంది. ఏమీ చెప్పనని కోపంలో రాశావు కాని ఈపాటికి నువ్వే చెప్పేసి ఉంటావు. మీ ఇద్దరి మధ్యా ఏదీ ఒక పూట మించి దాగదని నాకు తెలియదా.

ఒంట్లో ఓపిక ఉంచుకో.

తమ్ముడు


జూన్ 27

చెప్పేసి ఉంటానని నీకు ఎవరు చెప్పారు?

పొద్దున పాలు పట్టుకెళ్తే మంచం ఖాళీ. నర్సు నా వైపు వింతగా చూసి "మీతోనే వచ్చారనుకున్నామే" అంది. దుప్పటి మీద నీ ఉత్తరం. బొమ్మతో సహా. బాగా గీశావు, వైర్లకి రంగులు కూడా వేశావు.

షెడ్డుకి పరిగెత్తాను. ఆసుపత్రి చొక్కాలో, చంకలో పలకతో, తొట్టి మీదికి వంగి నిలబడి ఉన్నాడు. ఆ బట్టల్లో బస్సెక్కి వచ్చాడు మనిషి. నన్ను చూసి కోప్పడతాడేమో అనుకున్నా. కోప్పడితే బాగుండేది. ట్రంపెట్ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, మెల్లగా కింద పెట్టాడు. తరవాత ఒక రేకు ముక్క తీసుకుని బల్ల అంచుకి వేసి కొట్టి మడతలుమడతలుగా వంచాడు. దాన్ని మైనస్ వైపు కట్టి తొట్టిలో దింపి, ఒక్క బ్యాటరీయే ఉంచి కరెంటు బాగా తగ్గించాడు. పలక మీద రాశాడు: "చిన్న కరెంటు. ఇత్తడిలోని రాగీ తుత్తునాగం రేకుకి పడతాయి. నల్లబడితే తీసి కడుగు. మళ్ళీ దింపు."

"ఎన్నాళ్ళు?" అన్నాను.

భుజాలు ఎగరేశాడు.

నాకు ఏడుపు ఆగలేదు. తప్పు నాదేనన్నాను. తుడిచి మళ్ళీ రాశాడు: "మీ తమ్ముడు చెప్పింది కరెక్టే." ఇంకొంచెం ఆలోచించి కింద ఇంకో ముక్క: "గోడ మీద మాట తొట్టి అమ్మినవాడు చెప్తే రాసుకున్నా. కాథోడ్ అంటే ఏంటో నాకూ తెలీదు." రాసి నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. దగ్గితే నెత్తురు పడింది.

మళ్ళీ ఆసుపత్రికి తీసుకొచ్చాను. కుట్టు విడిపోయిందట. డాక్టరు వరండాలో అందరి ముందూ నన్ను కడిగేశాడు. "భర్తని పనికి పిలిపించుకున్నావా?" అన్నాడు. ఇప్పుడు జ్వరం. కళ్ళు తెరవడం లేదు.

నువ్వు కరెక్టే రా చిన్నోడా. నువ్వు ఎప్పుడూ కరెక్టే. ఆ కరెక్టు ముక్క చదివే ఆయన లేచొచ్చాడు.


జూలై 4

అక్కా,

ఇది తెరుస్తావో లేదో తెలియదు. ఈసారి ఏదీ వివరించను.

బావ ఎలా ఉన్నారో తెలియక రోజూ పోస్టుమాన్ వచ్చే వేళకి గేటు దగ్గరికి పోతున్నాను. ఆయనకి అలా రాయకుండా ఉండాల్సింది. రాస్తున్నప్పుడు నీ గురించి రాస్తున్నాననుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఉత్తరమంతా నా గురించే.

సంఘం సమావేశంలో లేచి నిలబడి, కాథోడ్ అంటే ఎప్పుడూ మైనస్ వైపేనని పాఠంలో అచ్చువేయకూడదని చెప్పాను. అధ్యక్షులవారు చిరునవ్వుతో, "పిల్లలకి ఒక మాటకి ఒకే అర్థం చెప్పాలి. రెండు చెబితే తికమకపడతారు" అన్నారు. నేను ఆగలేక, "మా అక్క దగ్గర ఒక ట్రంపెట్ కరిగిపోయింది సార్" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వుతారు మరి, ఆ మాట అలా ఉంది. నవ్వు సద్దుమణిగాక నా పాఠం కట్ట తీసుకుని బయటికొచ్చేశాను. మర్నాడు కబురొచ్చింది, పాఠం ఇంకొకరు రాస్తున్నారట. నా పేరు ఉండదు.

కాబట్టి ఇప్పుడు నాకు సాయంత్రాలు ఖాళీ. సెలవు కూడా దొరుకుతుంది.

నన్ను రమ్మంటావా? నువ్వు వద్దంటే రాను. నీకు ఇంకో భారం కావడం నాకు ఇష్టం లేదు.

తమ్ముడు


జూలై 15

చిన్నోడికి,

నీ పుస్తకం పోయింది కూడా నా ఖాతాలోనేనా? అది చెప్పడానికేనా ఆ ఉత్తరం? నా ట్రంపెట్ సంగతి నలుగురిలో చెప్పి నవ్వులపాలు కమ్మని నేను అడిగానా? ఇరవై పేజీలే మిగిలేది అన్నావు. అవీ నేను తినేసినట్టయింది.

మీ బావకి జ్వరం తగ్గింది. డాక్టరు నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టాడంటేనే తెలిసిపోయింది. గొంతు పూర్తిగా రాదట. గట్టిగా గాలి వదిలినంత మాట, అంతే. ఇక ఏ తొట్టి దగ్గరా నిలబడకూడదట, నికెల్ అయినా సరే. ఆయనకి చెప్పాను. పలక అడగలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

బ్యాండు మాస్టారికి రేపుమాపంటూ నెల గడిపాను. మొన్న ఇక చెప్పక తప్పలేదు. గుడ్డలో చుట్టి ఉన్నదాన్ని తెచ్చి చేతిలో పెట్టాను. విప్పి చూశాడు. "ఏంటమ్మా ఇది?" అన్నాడు. చెప్పాను. ముందు అరిచాడు. మామూలుగా కాదు, లారీ షెడ్డువాళ్ళు పని ఆపి చూసేంతగా. "మా నాన్నని చంపావు నువ్వు" అన్నాడు. అవునన్నాను. ఇంకేమంటాను? అరిచి అరిచి మెట్టు మీద కూలబడ్డాడు. మంచినీళ్ళిస్తే తాగాడు. చాలాసేపు ఆ చిల్లుల్లోంచి వీధిని చూస్తూ కూర్చుని, "అయితే ఇక నేను ఊదక్కర్లేదన్నమాట" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ముందు పళ్ళు రెండు కదులుతున్నాయమ్మా. ఊదితే ప్రాణం పోతోంది. నాన్నది పక్కన పెట్టేస్తే పాపమని లాక్కొస్తున్నా" అన్నాడు. లేచి, దాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. హమ్మయ్య అనుకోవాలో, కుమిలిపోవాలో తెలీలేదు. నిన్న మళ్ళీ వచ్చాడు. ఇంట్లో తోచట్లేదట. డ్రమ్ము కొనుక్కున్నాడట, దాని చుట్టూ ఉండే ఇనప కమ్మీలకి పూత వేస్తావా అని అడిగాడు. నా చేతికా అన్నాను. "నీ చేతికే. ఈసారి మేకేసి చూసుకో" అన్నాడు. తొట్టి బాగయ్యాక రమ్మన్నాను.

రేకు కడుగుతూనే ఉన్నాను. నల్లబడుతూనే ఉంది.

రమ్మంటావా అని అడుగుతావేంట్రా? చుట్టాలింటికి వస్తున్నావా? రా అని రాయాలన్నా ఓపిక ఉండాలి. నాకు లేదు.

అక్క


ఆగస్టు 6

అక్కా,

క్షేమంగా తిరిగి చేరాను. గది తలుపు తీస్తే కిటికీ తెరిచే ఉంది, వాన లోపలికి కొట్టి పుస్తకాలు కొన్ని ఉబ్బాయి. ఎండలో పెట్టాను.

మీ దగ్గర ఉన్నన్నాళ్ళూ ఎలా మాట్లాడాలా అని చూశాను. బస్సు దిగి షెడ్డు గుమ్మంలోకి వస్తే నువ్వు నన్ను చూసి అన్న మొదటి మాట, "చెప్పులు విప్పకు, కింద ఆమ్లం ఒలికింది." దారంతా తయారుచేసుకున్న మాటలు అక్కడే పోయాయి. చేతికి రేకు ఇచ్చావు, కడిగాను. వేళ్ళ సందుల్లో ఆ నలుపు ఇంకా వదల్లేదు. క్లాసులో సుద్దముక్క పట్టుకుంటే పిల్లలు నా చేతివైపే చూస్తున్నారు.

నీకు చెప్పనిది ఒకటుంది. నువ్వు బజారుకి వెళ్ళినప్పుడు ఆసుపత్రిలో బావ నన్ను మంచం దగ్గరికి పిలిచి పలక మీద రాశాడు: "పుస్తకంలో నీ పేరు?" లేదన్నాను. ఆయన పలక తుడిచి నా ఒళ్ళో పెట్టాడు, రాయమన్నట్టు. ఏం రాయను? పాఠంలో సంఘం వద్దన్న నా వాక్యమే రాసిచ్చాను. చదివి తల అడ్డంగా ఊపాడు. అర్థం కాలేదని సైగ చేశాడు. మార్చి రాశాను. మళ్ళీ అడ్డంగానే. మూడోసారీ అంతే. నాకు కోపమొచ్చింది, ఆయనకి నవ్వొచ్చింది. ఆఖరికి ఇలా రాశాను: "కరెంటు దేనిలోంచి బయటికి దిగుతుందో, దిగే ఆ కొస దాని కాథోడ్. బ్యాటరీకి ఒకటుంది, తొట్టికి ఒకటుంది. రెండూ ఒకటి కావు." పలక మూల ఒక తొట్టి, ఒక బ్యాటరీ గీసి, వేలితో దీని కొస చూపించి, దాని కొస చూపించి, తల నిలువుగా ఊపాడు. నిన్న క్లాసులో ఆ వాక్యమే బోర్డు మీద రాశాను. పుస్తకం ఎలా వస్తే అలా వస్తుంది. నా దగ్గర చదివేవాళ్ళకైనా ఇది తెలుస్తుంది.

పుస్తకం పోయింది నీ వల్ల కాదు అక్కా. నేను ఆ గదిలో చాలాకాలంగా అలిసిపోయి ఉన్నాను. లేవడానికి ఏదో ఒకటి కావాల్సొచ్చింది.

ఒకటి అడగాలి. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికి వచ్చి ఏదో చెప్పబోయావు. కండక్టరు విజిల్ వేశాడు. వినబడలేదు. దారంతా అదే ఆలోచించాను. ఏం చెప్పబోయావు?

తమ్ముడు


ఆగస్టు 30

చిన్నోడికి,

చొక్కా రెండో బొత్తాం ఊడిపోయిందని చెప్పబోయాను. అంతే. నువ్వు దారంతా ఆలోచించావంటే నవ్వొచ్చి మీ బావకి చదివి వినిపించాను. ఆయన గాలి నవ్వు నవ్వాడు. ఇంకేమైనా చెప్పాలని ఉందా అంటే ఉంది, కాని అది బస్సు కిటికీలోంచి చెప్పేది కాదు, ఉత్తరంలో రాసేదీ కాదు. రేకు నీ చేతికిచ్చినప్పుడే అయిపోయిందనుకో.

ఆయన ఇంటికొచ్చి రెండు వారాలైంది. ఒకటే చెప్పాను, షెడ్డు గుమ్మం తొక్కితే నేను మళ్ళీ ఆసుపత్రి గుమ్మం తొక్కనని. తొక్కలేదు. కాని ఇంట్లో ఉంటాడా? పొద్దున్నే వీధి దాటి లారీ షెడ్డువాళ్ళ బల్ల మీద, మా షెడ్డు తలుపుకి ఎదురుగా కూర్చుంటాడు. అక్కడికి ఆవిరి రాదు. వాళ్ళు టీ ఇస్తారు, తాగుతూ నన్ను చూస్తూ ఉంటాడు. కాపలా కుక్కలా ఉన్నావని అరిచాను మొదటిరోజు. చెయ్యి ఊపాడు.

షెడ్డు అమ్మేద్దామా అని కూడా అడిగాను. నిజంగానే అడిగాను, పంతానికి కాదు. నడుం పడిపోతోంది, చేతులు పగిలిపోయాయి, పడుకుంటే కళ్ళముందు ఆ పచ్చనీళ్ళే కదులుతున్నాయి. పలక మీద ఏదో రాసి తుడిచేశాడు. మళ్ళీ రాసి మళ్ళీ తుడిచేశాడు. చివరికి ఖాళీ పలక నా చేతికిచ్చాడు. నీ ఇష్టం అని. నా ఇష్టం ఏంటో నాకే తెలియలేదు. మర్నాడు పొద్దున లేచి వెళ్ళి తాళం తీశాను. అలవాటు కొద్దీ తీశానో, ఇష్టం కొద్దీ తీశానో చెప్పలేను.

పోయిన సోమవారం రేకు బూడిదరంగులో వచ్చింది. మంగళవారం ఇంకా తేటగా. గురువారం మేకు దింపాను. తెల్లగా వచ్చింది. చార లేదు, మచ్చ లేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు ఊరికే నిలబడ్డాను. ఎవరికీ చూపించలేదు.

రెక్టిఫయరు వచ్చింది. వైర్లు నేనే బిగించాను. మొదటి పనిగా ఒకాయన తలుపు పిడులు తెచ్చిచ్చాడు. ఇవాళ వాటిలో మొదటిది తీసి, కడిగి, తుడిచి, గుమ్మంలోకి వచ్చి మీ బావకి కనిపించేలా పైకెత్తాను. ఎండ పడి మెరిసింది. లారీ షెడ్డువాళ్ళు ఈల వేశారు. ఆయన కళ్ళు చికిలించి చూశాడు. ఇటు తిప్పమని సైగ చేశాడు. తిప్పాను. కింద వైపు చూపించమన్నాడు. చూపించాను. మెడ దగ్గర, తీగ కట్టిన చోట, గోరంత మేర పూత పలచగా ఉంది. అంత దూరం నుంచి ఎలా కనబడిందో ఆ దేవుడికే తెలియాలి.

తల అడ్డంగా ఊపి, వేలు గుండ్రంగా తిప్పాడు. మళ్ళీ.

నాకు కూర్చుండిపోవాలనిపించింది. ఆ పిడి తీసుకెళ్ళి ఆయన నెత్తిన వేద్దామనిపించింది. వీధికి అటు ఆయన, ఇటు నేను, మధ్యలో ఒక లారీ మెల్లగా వెనక్కి వెళ్తోంది. అది దాటేదాకా చూశాను. దాటాక కూడా ఆయన వేలు అలాగే తిరుగుతోంది.

లోపలికి వెళ్ళి, పూత గీకేసి, తీగ ఇంకోచోట కట్టి, మళ్ళీ దింపాను.

అక్క